రివాల్వరు సైటు మార్చడం: ఇంటి బల్ల మీద ఎంతవరకు చేయవచ్చు?

పోయిన వేసవి సెలవులలో ఒక ఆదివారం రాత్రి మా పెదనాన్నగారి పెద్దకుమారుడు టెక్సాస్ నుండి ఫోను చేశాడు. అన్నయ్య వయస్సు యాభై రెండు. అక్కడ స్థిరపడి ఇరవై ఏళ్లు దాటింది. ఊరి వెలుపల ఇల్లు, ఇంటి వెనుక పొదలు, ఆ పొదలలో పాములు, అడవిపందులు. ఆ దేశపు చట్టప్రకారం ఒక రివాల్వరు కొని ఉంచుకున్నాడు. నెలకు ఒకటి రెండు సార్లు గురి అభ్యసించే చోటికి వెళ్లి వస్తాడు.

"ఒరే తమ్ముడూ, నాకు ముందు సైటు మసకగా కనిపిస్తున్నదిరా. మెరిసే సైటు ఒకటి తెప్పించుకున్నాను. పాతదానికంటె ఇది కొంచెం ఎత్తుగా ఉన్నట్లున్నది. బిగిస్తే గుండు ఎక్కడికి పోతుందో లెక్క కట్టి చెప్పు. నువ్వు లెక్కల పంతులువు గదా!" అన్నాడు.

తుపాకులతో నా పరిచయం స్వల్పమే. కళాశాలలో చదివే రోజులలో ఎన్.సి.సి. శిబిరంలో .22 రైఫిలుతో నేలమీద బోర్లా పడుకొని కాల్చిన అనుభవం ఒక్కటే. అయితే అన్నయ్య అడిగిన ప్రశ్నలో సగం పదవ తరగతి సరూప త్రిభుజాల పాఠమే. మిగతా సగం కోసం రివాల్వరు తయారీదారుల కరదీపికలు, విడిభాగాల పటాలు తిరగవేశాను. మన హోసూరు ప్రాంతం నుండి అమెరికా చేరిన కుటుంబాలు చాలా ఉన్నాయి. వారిలో ఇటువంటి ఆయుధం ఇంట ఉంచుకొన్నవారూ ఉండవచ్చు. కనుక తెలుసుకొన్నది నలుగురితో పంచుకోవడం మంచిదనిపించింది.

ముందుగా ఒక్క మాట స్పష్టం చేయాలి. ఇక్కడ చెప్పబోయే పని అమెరికాలో, తన పేర చట్టబద్ధంగా ఉన్న ఆయుధానికి యజమాని తానే చేసుకొనే పని. అక్కడ సైటు మార్చుకోవడానికి యజమానికి కేంద్ర ప్రభుత్వపు లైసెన్సు అవసరం లేదు. ఇతరుల తుపాకులను వృత్తిగా బాగుచేసేవారికి మాత్రం లైసెన్సు ఉండితీరాలి. రాష్ట్రాల చట్టాలు వేరువేరుగా ఉంటాయి గనుక ఎవరి రాష్ట్రపు నియమం వారు చూసుకోవాలి. మన దేశంలో సంగతి పూర్తిగా వేరు. 1959 నాటి ఆయుధ చట్టంలోని ఐదవ సెక్షను ప్రకారం ఆయుధాల తయారీ, అమ్మకం, మార్పు, మరమ్మతు వంటి పనులన్నింటికీ లైసెన్సు కావాలి. ఆ చట్టం దృష్టిలో విడిభాగం కూడా ఆయుధమే. కాబట్టి ఇక్కడ లైసెన్సు గల పెద్దమనిషి ఎవరైనా తన రివాల్వరు సైటు వంకరపోయిందని ఇంట్లో సుత్తి పట్టరాదు. లైసెన్సు గల మరమ్మతుదారు వద్దకే తీసుకొనిపోవాలి. అమెరికా నుండి వచ్చే బంధువుల పెట్టెలో "ఒక చిన్న ఇనుపముక్కే కదా" అని సైటు తెప్పించుకోవాలన్న ఆలోచనా పెట్టుకోరాదు. ఎన్నికలు వచ్చినప్పుడల్లా లైసెన్సు తుపాకులను పోలీసు స్టేషనులో అప్పగించి రసీదు పుచ్చుకొనే మనవారికి ఈ కట్టుబాట్లు కొత్తవి కావు.

ఇక విషయానికి వద్దాం. రివాల్వరు గొట్టం చివర నిలువుగా నిలిచిన చిన్న పలకను ముందు సైటు అంటారు. పిడికి పైభాగాన, చట్రం మీద ఉన్న చదరపు గాడి వెనుక సైటు. వెనుక గాడిలో నుండి చూస్తే ముందు పలక సరిగ్గా నడుమ నిలవాలి. రెండింటి పై అంచులు ఒకే మట్టంలో ఉండాలి. పలకకు ఇటూ అటూ కనిపించే వెలుతురు సందులు సమానంగా ఉండాలి. అంతే. ఎన్.సి.సి.లో మాకు హవల్దారుగారు వారమంతా చెప్పింది ఈ మూడు ముక్కలే.

పాతకాలపు రివాల్వర్లలో ఈ ఏర్పాటు మార్చడానికి వీలులేనిది. 1873 నాటి కోల్ట్ సింగిల్ యాక్షన్ ఆర్మీ రివాల్వరులో వెనుక సైటు అంటూ విడిగా ఏమీ లేదు. చట్రం పైపట్టీలో తొలిచిన ఒక కాలువే వెనుక సైటు. ముందు పలక గొట్టానికి శాశ్వతంగా అతికి ఉండేది. గుండు కిందికి పోతే పలకను ఆకురాయితో రుద్ది పొట్టి చేసేవారు. పక్కకు పోతే పలకను కొంచెం వంచేవారు. బ్రిటిషు సైన్యం 1915లో స్వీకరించిన వెబ్లీ ఆరవ మార్కు రివాల్వరులో ముందు పలకను మరతో బిగించారు. అంటే మార్చుకొనే వీలు అప్పటికే ఉన్నది. మన తాతల కాలపు పోలీసు అధికారుల ఛాయాచిత్రాలలో నడుముకు వేలాడేవి ఎక్కువగా ఆ వెబ్లీ రకాలే. తరువాతి కాలంలో మరలు తిప్పి పైకి కిందికి, కుడికి ఎడమకు జరుపుకొనే వెనుక సైట్లు వచ్చాయి. నేడు అమెరికాలో దొరికే మధ్యరకం, పెద్దరకం రివాల్వర్లలో చాలావాటికి అవే ఉంటాయి. జేబు రివాల్వర్లకు మాత్రం ఇంకా ఆ 1873 నాటి కాలువ పద్ధతే కొనసాగుతున్నది.

అన్నయ్య వద్ద ఉన్నది రూగర్ కంపెనీ జి.పి.100. 1985లో మొదట వచ్చిన మోడలు. అన్నయ్యది ఆరు తూటాలు పట్టే రకం, .357 మాగ్నం తూటాది. దానిలోనే .38 స్పెషల్ తూటా కూడా కాల్చవచ్చు. ఈ మాట గుర్తుంచుకోవాలి, చివరలో దీనితో పని ఉన్నది.

అన్నయ్య బాధ అసలు సైటుది కాదు, కంటిది. నలభై దాటితే వచ్చేది కాబట్టే మన పెద్దలు దానికి చత్వారం అని పేరు పెట్టారు. నాకూ వచ్చింది. నల్లబల్ల మీద అక్షరాలు కనిపిస్తాయి, చేతిలోని హాజరుపట్టీ కనిపించదు. కంటిలోని కటకం వయస్సుతో బిరుసెక్కి, దగ్గరి వస్తువుమీదికి చూపు సరిచేసుకొనే శక్తి తగ్గిపోతుంది. గురి చూసేవాడికి మూడు దూరాలు ఉంటాయి. వెనుక సైటు, ముందు సైటు, లక్ష్యం. పడుచువాడి కన్ను అయినా ఒకేసారి మూడింటినీ స్పష్టంగా చూడలేదు. అందుకే ముందు సైటును మాత్రం స్పష్టంగా చూడు, లక్ష్యం కాస్త మసకగా ఉన్నా పరవాలేదు అని నేర్పుతారు. చత్వారం వచ్చినవాడికి చాచిన చేతుల చివర, అంటే కంటికి ముప్పాతిక మీటరు దూరాన ఉన్న ఆ పలకే అందదు. దూరపు అద్దం పెడితే పలక మసక, చదువుకొనే అద్దం పెడితే లక్ష్యం పూర్తిగా మాయం. పైన దూరపు చూపు, కింద దగ్గరి చూపు కలిసిన అద్దాలు పెట్టుకొంటే తల పైకెత్తి కోడిలా చూడవలసి వస్తుంది.

దీనికి రెండు ఉపాయాలు. ఒకటి, కళ్లడాక్టరుకు ఆ ముప్పాతిక మీటరు దూరం చెప్పి దానికి తగిన అద్దం వేరుగా చేయించుకోవడం. రెండవది, మసక కంటికి కూడా తెలిసేటట్లు ముందు పలకకు రంగు, వెలుగు తగిలించడం. అన్నయ్య రెండవదాన్ని ఎంచుకున్నాడు. నా అభిప్రాయంలో రెండూ కలిపి చేసుకోవాలి. సైటుమీద రెండు వేలు ఖర్చు చేసి కంటిమీద రెండు వందలు పెట్టనివారిని చూస్తే నాకు ఆశ్చర్యమే.

మెరిసే సైట్లలో ముఖ్యంగా రెండు రకాలు. మొదటిది, రంగు ప్లాస్టిక్ కడ్డీ అమర్చినది. ఫైబర్ ఆప్టిక్ అంటారు. కడ్డీ పక్కలనుండి పడిన వెలుతురును పోగుచేసి కొనవద్ద చుక్కగా చూపిస్తుంది. పగలు దీనిని మించింది లేదు. కాని దీనికి స్వంత వెలుగు లేదు, చీకటిలో ఇది వట్టి పుల్ల. రెండవది ట్రిటియం గొట్టం అమర్చినది. ట్రిటియం రేడియోధార్మిక హైడ్రోజను. దాని కిరణాలు గొట్టం లోపలి పూతను తాకి చీకటిలో సన్నగా వెలుగుతాయి. బ్యాటరీ అవసరం లేదు. అయితే ట్రిటియం అర్ధజీవిత కాలం సుమారు 12.3 సంవత్సరాలు. అంటే పుష్కరం తిరిగేసరికి మూలపదార్థం సగమే మిగులుతుంది, వెలుగు కూడా ఆ మేరకు తగ్గుతుంది. పాతసరుకు కొనేవారు తయారైన సంవత్సరం అడిగి కొనాలి. అన్నయ్య తెప్పించినది మొదటి రకం, ఆకుపచ్చ కడ్డీది.

ఇప్పుడు లెక్క. ముందు సైటు ఎత్తు పెరిగితే గుండు పైకి పోతుందని చాలామంది అనుకొంటారు. నిజం దానికి వ్యతిరేకం. కన్ను ఎప్పుడూ రెండు సైట్ల పై అంచులను ఒకే మట్టానికి తెస్తుంది. ముందు పలక ఎత్తు పెరిగితే, దాని అంచును పాత మట్టానికి దించడానికి చేయి గొట్టాన్ని కిందికి వంచుతుంది. గొట్టం కిందికి వంగితే గుండు కిందికే పోతుంది. కనుక ముందు సైటు విషయంలో అంతా తలకిందులు. గుండు కిందికి పడుతుంటే పలకను పొట్టి చేయాలి, పైకి పడుతుంటే ఎత్తయిన పలక వేయాలి. కుడికి పోతుంటే ముందు సైటును కుడికే జరపాలి. వెనుక సైటు మాత్రం మాట వినే పిల్లవాడు. గుండు ఎటు పోవాలని మనం కోరుతామో అటే దానిని జరపాలి.

ఎంత తేడాకు ఎంత? రెండు సైట్ల మధ్య దూరం ఒక చిన్న త్రిభుజపు భుజం. కంటినుండి లక్ష్యం వరకు ఉన్న దూరం పెద్ద త్రిభుజపు భుజం. రెండు త్రిభుజాలు సరూపాలు. అన్నయ్య రివాల్వరులో సైట్ల మధ్య దూరం ఇంచుమించు ఆరు అంగుళాలు అనుకొందాం. లక్ష్యం 25 గజాల దూరాన ఉన్నది, అంటే 900 అంగుళాలు. నిష్పత్తి 150. పలక ఎత్తులో ఒక్క అంగుళంలో వందవ వంతు తేడా వస్తే, 25 గజాల వద్ద గుండు ఒకటిన్నర అంగుళం తప్పుతుంది. అన్నయ్య వెర్నియర్ కాలిపరుతో కొలిచి చూస్తే కొత్త పలక పాతదానికంటె 0.02 అంగుళం ఎత్తు, అంటే సుమారు అర మిల్లీమీటరు. "మూడు అంగుళాలు కిందికి పోతుంది" అని చెప్పాను. అర మిల్లీమీటరు అంటే చాలా కొంచెం. ఆ కొంచెమే అక్కడ మూడు అంగుళాలు.

కొనేముందే రివాల్వరు సైటు ఏ పద్ధతిలో బిగించి ఉన్నదో చూసుకోవాలి. మోడలు పేరు ఒకటే అయినా తయారైన సంవత్సరాన్ని బట్టి ఇది మారుతుంది. కొన్నింటిలో పలక గొట్టంతో కలిపి ఒకే ఇనుములో తొలిచినది. అది ఊడదు, ఇంటి పని కాదు. కొన్నింటిలో పలక ఒక గాడిలో కూర్చొని, అడ్డంగా దూర్చిన సన్నని మేకుతో నిలుస్తుంది. స్మిత్ అండ్ వెసన్ రివాల్వర్లలో ఈ పద్ధతి ఎక్కువ. కొన్నింటిలో పావురపు తోక ఆకారపు గాడిలోకి పక్కనుండి బిగువుగా దూరుస్తారు. అన్నయ్య జి.పి.100లో అన్నిటికంటె సులువైన ఏర్పాటు ఉన్నది. పలక ముందు ఒక చిన్న రంధ్రం, దానిలో స్ప్రింగుతో నిలిచిన ఒక పుల్ల. ఆ పుల్లను లోపలికి నొక్కితే పలక చేతికి వస్తుంది. పనిముట్లు సైతం పెద్దగా అక్కరలేదు.

పని మొదలుపెట్టే రోజు అన్నయ్య వీడియో ఫోనులో కనిపించాడు. భోజనాల బల్ల మీద తువ్వాలు పరచి, దానిమీద రివాల్వరు, పక్కనే తూటాల డబ్బా. "ఖాళీ చేశాను, ఇక మొదలుపెడదామా?" అన్నాడు. డబ్బా పక్కన తూటాలు వరుసగా పేర్చి ఉన్నాయి. పిల్లలను లెక్కపెట్టే అలవాటు నాది. విహారయాత్రకు తీసుకొనిపోతే బస్సు ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు తలలు లెక్కపెట్టనిదే నాకు తోచదు. ఆ అలవాటుకొద్దీ లెక్కపెట్టాను. ఐదు ఉన్నాయి.

"అన్నయ్యా, నీది ఆరు తూటాల రివాల్వరు కదా. ఆరవది ఏది?"

అన్నయ్య ముఖం మారిపోయింది. సిలిండరు మళ్లీ తెరిచాడు. ఒక గదిలో ఇంకా తూటా ఉన్నది. సిలిండరు పక్కకు తెరిచి మధ్య కడ్డీని నొక్కినప్పుడు నక్షత్రాకారపు పళ్లెం తూటాలన్నింటినీ బయటికి నెడుతుంది. కాని గొట్టాన్ని కిందికి వంచి మెల్లగా నొక్కితే ఒక తూటా అంచు ఆ పళ్లెం కిందికి జారి అక్కడే నిలిచిపోవడం కద్దు. అన్నయ్య గొట్టాన్ని కిందికి వంచి నొక్కాడు. కుప్పగా రాలిన చప్పుడు విని అన్నీ పడ్డాయనుకొన్నాడు. ఆ తరువాత చేయబోయేది ఏమిటి? గొట్టం కొన దగ్గర వేలు పెట్టి పుల్లను నొక్కడం. వదిన వెనుకనే వంటింట్లో ఉన్నారు.

కొంతసేపు ఇద్దరమూ మాట్లాడలేదు. ఆ రోజుకు పని ఆపివేద్దామన్నాను. వారం తరువాత మళ్లీ మొదలుపెట్టాము. ఈసారి పద్ధతి ఇది. గొట్టాన్ని సురక్షితమైన దిక్కుకు, ఆకాశం వైపు నిలిపి సిలిండరు తెరవాలి. కడ్డీని ఒక్క ఊపున పూర్తిగా నొక్కాలి. ఆరు గదులలోనూ చిటికెన వేలు పెట్టి తడిమి చూడాలి. కన్ను పొరబడినా వేలు పొరబడదు. వచ్చిన తూటాలను పైకి లెక్కపెట్టాలి. తరువాత ఆ తూటాలను, డబ్బాను, ఇంట్లో ఉన్న మిగతా వాటిని వేరే గదిలో పెట్టి తలుపు వేయాలి. పని జరిగే బల్ల మీద ఒక్క తూటా కూడా ఉండరాదు. టీ తాగడానికి లేచి వస్తే మళ్లీ మొదటినుండి తడిమి చూడాలి. పని ముగిసేవరకు సిలిండరు తెరిచే ఉంచాలి. తెరిచి ఉన్న రివాల్వరు పేలదు.

ఇక పనిముట్లు. పలుచని ఉక్కుకడ్డీ ఒకటి చాలు. ఆరుపలకల సన్న తాళపుచెవి అయినా పనికి వస్తుంది. ఊడిన చిన్న భాగాలు ఎగిరిపోకుండా పనంతా ఒక పెద్ద పారదర్శక సంచి లోపల చేయాలి. స్ప్రింగు నేలమీద పడితే దొరకదు, మా హోసూరు గడియారాల మరమ్మతుదారు ఒకాయన చెప్పినట్లు అది వేరే లోకానికి పోతుంది. కంటికి అద్దాలు ఉండాలి. చత్వారపు అద్దాలే అయినా సరే.

అన్నయ్య సంచిలో చేతులు పెట్టి, రంధ్రంలోని పుల్లను నొక్కి పట్టుకొని, పాత పలక ముందుకొనను పైకి లేపాడు. మొదట రాలేదు. నాలుగేళ్ల పొగమసి గాడిలో గట్టిపడి ఉన్నది. ఒక చుక్క నూనె వేసి పది నిమిషాలు ఆగితే వచ్చింది. గాడిని గుడ్డతోను, పాత పళ్ల బ్రష్షుతోను శుభ్రం చేశాడు. కొత్త పలక వెనుకకొనను ముందు గాడిలో దూర్చి, పుల్లను నొక్కి పట్టి, ముందుకొనను కిందికి వత్తాడు. టక్కుమని కూర్చొన్నది. వేలితో ఊపి చూస్తే కదలలేదు. మొత్తం పావుగంట పని. లెక్కకు, భయానికి, శుభ్రానికి పట్టిన సమయమే ఎక్కువ.

మేకు పద్ధతి ఇంత సులువు కాదు. అక్కడ మేకు మందానికి సరిపోయే చదునుకొన పంచ్, ఇత్తడి సుత్తి, రివాల్వరును ఆనించడానికి రంధ్రం ఉన్న దిమ్మె కావాలి. మేకు సాధారణంగా అంగుళంలో పదహారవ వంతు మందం. అంతకంటె లావు పంచ్ పెడితే చుట్టూ ఉన్న ఇనుము చెదురుతుంది, సన్నది పెడితే జారి గీత పడుతుంది. గొట్టాన్ని బిగించే వైస్ పళ్లకు తోలు గాని చెక్క గాని అడ్డు పెట్టాలి. అన్నిటికంటె మోసం ఏమిటంటె, అంగడిలో దొరికే కొత్త పలకలలో చాలావాటికి మేకు రంధ్రం ఉండదు. ఎందుకంటే ఫ్యాక్టరీలో ఆ రంధ్రం ప్రతి తుపాకికీ ఒకే చోట పడదు. పలకను గాడిలో నిలిపి, ఉన్న రంధ్రం గుండా కొత్త పలకకు గుర్తు పెట్టి, బయటికి తీసి తొలచాలి. డ్రిల్లు అలవాటు లేనివారు ఇక్కడ ఆగిపోయి మరమ్మతుదారుకు ఇవ్వడం మేలు. ఆయన కూలి ఒక కొత్త గొట్టం వెలతో పోలిస్తే లెక్కలోనిది కాదు.

పావురపుతోక గాడి విషయంలో చాలామంది పాటించే ఆచారం ఒకటి ఉన్నది. వెనుకనుండి చూస్తే పాతదాన్ని ఎడమనుండి కుడికి కొట్టి తీస్తారు, కొత్తదాన్ని కుడినుండి ఎడమకు కొట్టి బిగిస్తారు. కొత్తది మరీ బిగువుగా ఉంటే ఆకురాయి పట్టవలసి వస్తుంది. అప్పుడు ఒకే నియమం: రుద్దేది కొత్త సైటు అడుగునే కాని తుపాకి గాడిని కాదు. సైటు పాడైతే ఇంకొకటి కొనవచ్చు. రెండు రాపిడులు, ఒక ప్రయత్నం, మళ్లీ రెండు రాపిడులు. సగం దూరం వేలితో దూరి, మిగతా సగం సుత్తి దెబ్బకు పోయేటట్లు ఉంటే సరి.

వెనుక సైటు కూడా మారుస్తాననేవారికి ఒక హెచ్చరిక. రూగర్ రకంలో దాని కింద రెండు చిన్న స్ప్రింగులు ఉంటాయి. అడ్డమేకు తీయగానే రెండూ లేచిపోతాయి. ఆ పారదర్శక సంచి మళ్లీ అక్కరకు వస్తుంది. మరలు తిప్పడానికి మన తమిళ పొరుగువారి మాటలో తిరుప్పుళి అనే స్క్రూడ్రైవరు, మర గాడికి ఖాళీ లేకుండా నిండుగా సరిపోవాలి. బజారులో దొరికే తిరుప్పుళికి కొన ఏటవాలుగా ఉంటుంది, బలం పెట్టగానే గాడి అంచులు చిట్లుతాయి. తుపాకి పనికి వాడేదాని కొన రెండు వైపులా సమాంతరంగా అరగదీసి ఉంటుంది. మరలు అదురుకు వదులు కాకుండా లాక్‌టైట్ జిగురు వాడతారు. అందులో నీలిరంగుది, 242 సంఖ్యది చాలు. ఎర్రది, 271 సంఖ్యది, వాడితే మళ్లీ తీయడానికి నిప్పుసెగ చూపాలి. ప్లాస్టిక్ కడ్డీ ఉన్న సైటుకు సెగ తగిలితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. ఆ కడ్డీకి ఘాటైన తుపాకి ద్రావకాలు కూడా పడవు, మసకబారి పెళుసెక్కుతుంది. శుభ్రం చేసేటప్పుడు దానిమీద వేలు అడ్డం పెట్టుకోవాలి.

సైటు బిగించినంత మాత్రాన పని సగమే అయినట్లు. తరువాతి ఆదివారం అన్నయ్య గురి అభ్యసించే చోటికి వెళ్లాడు. ఇసుకసంచి మీద చేతులు ఆనించి, 25 గజాల దూరాన కాగితం పెట్టి, ఐదు గుండ్లు ఒకే చుక్కను చూసి కాల్చాడు. ఒక్క గుండు చూసి మర తిప్పేవారు ఎన్నటికీ సరిచేయలేరు, వెంటబడి తిరుగుతారు. ఐదింటి నడిబొడ్డు ఎక్కడ ఉన్నదో చూడాలి. అన్నయ్య ఐదు గుండ్లూ మూడున్నర అంగుళాల దిగువన గుంపుగా పడ్డాయి. నా లెక్క మూడు. ఆ అర అంగుళం తేడాను నేను చేతి వణుకు ఖాతాలో వేశాను, అన్నయ్య నా లెక్క ఖాతాలో వేశాడు. వెనుక సైటు మరను గడియారం ముల్లుకు ఎదురుదిక్కున తిప్పితే వెనుక గాడి లేస్తుంది. నాలుగైదు సార్లు తిప్పి, ప్రతిసారీ ఐదు గుండ్లు కాల్చి, నడిమికి తెచ్చుకున్నాడు.

ఇక్కడే ముందు చెప్పిన తూటాల సంగతి పనికి వస్తుంది. ఆ రోజు తేలికపాటి 125 గ్రెయిన్ల .357 గుండ్లతో సరిచేసుకొని, మరునెల బరువైన 158 గ్రెయిన్ల .38 గుండ్లు కాల్చితే అవి పైకి పడ్డాయి. అన్నయ్య సైటు వదులైందనుకొని కంగారుగా ఫోను చేశాడు. సైటు కదలలేదు. గుండు గొట్టంలో ఉండగానే అదురుకు గొట్టం పైకి లేవడం మొదలవుతుంది. బరువైన, నెమ్మదైన గుండు గొట్టంలో ఎక్కువ సేపు ఉంటుంది, కాబట్టి గొట్టం ఇంకాస్త లేచాక బయటపడుతుంది. దగ్గరి దూరాలలో అందుకే అది ఎత్తుగా తగులుతుంది. ఈ అదురు కారణంగానే రివాల్వరు ముందు పలకను ఎప్పుడూ వెనుకదానికంటె ఎత్తుగా చేస్తారు. ఏ తూటా ఎక్కువగా వాడతామో దానితోనే సైటు సరిచేసుకోవాలి, తూటా మార్చితే మళ్లీ ఐదు గుండ్లు కాల్చి చూసుకోవాలి.

పాత నల్ల పలకను పారవేయవద్దని చెప్పాను. రివాల్వరు ఎప్పుడైనా అమ్మదలిస్తే కొనేవాడు ఫ్యాక్టరీ భాగం అడుగుతాడు. దానిని చిన్న కవరులో వేసి, కొలిచిన ఎత్తును, తేదీని కవరు మీద రాసి, కరదీపికలో పెట్టాడు. ఇప్పుడు సిలిండరు ఖాళీ చేసేటప్పుడు వదిన పక్కన నిలబడి పైకి లెక్కపెడతారట. తెలుగులోనే, ఒకటి నుండి ఆరు వరకు.